మనవుల పుస్తకం వెనక పేజీలు

ఉదయగిరి,
16 జనవరి 2025

తమ్ముడు సురేంద్రబాబుకు దేవుడు తోడుగా ఉండాలని కోరుకుంటూ లిదియక్క రాసేది.

నువ్వు పంపిన పెన్‌డ్రైవు అందింది. కండక్టర్ పెంచలనరసయ్య దాన్ని టికెట్ల మిషను సంచిలో భద్రంగా పెట్టుకుని, మన ఇంటి ముందర బస్సు ఆపి మరీ ఇచ్చిపోయాడు. ఇకనుంచి ఉత్తరాలు అతని చేతికే ఇద్దాం. ఫోను చేయమంటావు. చేస్తే నువ్వు అరుస్తావు, నేను ఏంది అంటాను, రెండో ఏంది దగ్గర నీకు కోపం వస్తుంది. వాట్సాప్‌లో పెట్టమంటావు. ఆ ఫోను కోడలు రూబీది, నా సంగతులు దాంట్లో ఎందుకు? కాగితం నయం.

క్రిస్మస్‌కు నువ్వు తెచ్చిచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో, మనుషుల మాట విని తెలుగు అక్షరాల్లో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. పేపర్లో చదివి నేనే అడిగాను, నువ్వు కాదనకుండా పంపావు. అది నాకు ఎంత అవసరమో నీకు పూర్తిగా తెలియదు కాబట్టి రాస్తున్నాను.

మన చర్చి స్త్రీల సమాజానికి ఇరవై రెండేళ్లుగా కార్యదర్శిని నేనే కదా. నెలనెలా రెండో శనివారం కూడికలో ఒక్కొక్కరు లేచి తమ ప్రార్థన మనవి చెబుతారు. నేను మనవుల పుస్తకంలో రాసుకుంటాను, చివర చదువుతాను, నెలంతా అందరూ ఆ పట్టీ ప్రకారం ప్రార్థన చేస్తారు. పుస్తకంలో ఎక్కని మనవికి ప్రార్థన లేదు. డిసెంబరులో హన్నమ్మ తన కూతురి కాన్పు కోసం చెప్పిందట. నాకు వినపడలేదు. రాయలేదు. ఆ పిల్లకు ఏడో నెలలోనే కాన్పయి, బిడ్డను నెల్లూరు ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో పెట్టారు. మొన్నటి కూడికలో హన్నమ్మ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని డిసెంబరు పేజీ పైనుంచి కిందిదాకా చూసి, మూసి తిరిగి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. మార్చి ఎనిమిదిన కార్యదర్శి ఎన్నిక. అప్పటికి ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కకపోతే పుస్తకం ఇచ్చేయడమే న్యాయం.

నాకు చెవులు మందగించిన కొత్తలో అందరూ 'అక్కా, వినపడతా ఉండాదా?' అని అడిగేవాళ్లు. ఇప్పుడు అదీ అడగరు. నా ముందరే నా గురించి మాట్లాడుకుంటారు. గోడకైనా చెవులుంటాయేమో గానీ నాకు లేవని ధైర్యం.

సరే, జరిగింది విను. నీ చీటీలో ఉన్నట్టే పెన్‌డ్రైవు పెట్టి రెండుసార్లు నొక్కాను. ఇది నీ కంప్యూటర్‌లో నడవదు, తయారు చేసినవాళ్లను అడుగు అని ఇంగ్లీషులో వచ్చింది. తయారు చేసినవాళ్లు ఎక్కడుంటారో నాకేం తెలుసు? నువ్వే దిక్కు. ఆ ఇంగ్లీషు ముక్క అక్షరం పొల్లుపోకుండా మనవుల పుస్తకం వెనక పేజీలో ఒకటో నంబరు వేసి రాసుకున్నాను.

కన్నకొడుకు ఎడ్విన్ ఇంట్లోనే ఉన్నాడు, వాడిని అడగరాదా అంటావేమో. వాడిని అడగను. ఎందుకో తరువాత చెబుతాను.

మీ ఇంట్లో పాతది విరిగిందన్నావని కర్ర గరిటె ఒకటి నరసయ్య చేత పంపుతున్నాను. దాంతో మాడిన గిన్నెలు గోకవద్దని మరదలికి చెప్పు.

నీ అక్క,
లిదియమ్మ


ఆత్మకూరు,
20 జనవరి

అక్కా, వందనాలు.

గరిటె అందింది. నీ మరదలు దాన్ని షోకేసులో పెట్టింది, గోకే ప్రమాదం లేదు. నేను మాట్లాడినట్టే రాస్తానని నువ్వు ఎర్రసిరాతో దిద్దుతావు గానీ, టీచరమ్మ తమ్ముడికి భయం పోయి చాన్నాళ్లయింది.

నువ్వు రాసిన ఎర్రర్ చదివినాను. నీ మిషన్ ముప్పై రెండు బిట్లది, నేను పంపింది అరవై నాలుగుది. పొరపాటు నాదే. ఇంకో పెన్‌డ్రైవు పంపిస్తా ఉండాను. ఈసారి ముందు ఒక పని చెయ్. పాత మిషన్లు కొత్త తేదీ చూస్తే మొరాయిస్తాయి. తెర మీద కింద కుడిమూల గడియారం ఉండాది, దాని మీద నొక్కి సంవత్సరం 2019 అని పెట్టు. తరువాత ఎక్కించు. మధ్యలో అడ్మిన్ పర్మిషన్ కావాలని పాస్‌వర్డ్ అడుగుతాది. మన కంప్యూటర్ల అంగడి పేరు, పక్కనే ఆత్మకూరు పిన్‌కోడు కొట్టు. ఆ అడ్మిన్ ఎవరో అనుకోబోకు, నేనే.

తొందరేమీ లేదక్కా. మార్చికి చాలా టైముంది. ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు, అనుమసముద్రంపేటలో దర్గా కాడ అంగళ్లోళ్లు అందరూ ఒకేసారి బోర్డులు మార్చుకుంటా ఉండారు, ఆ డిజైన్లన్నీ నా మీదే పడినాయి. ఉత్తరం లేటయితే ఏమనుకోబోకు.

సురేంద్ర


ఉదయగిరి,
27 జనవరి

తమ్ముడికి, అంటే నా కంప్యూటర్‌కు అధికారి అయిన వాడికి,

నాకంటే ఏడేళ్లు చిన్నవాడివి, నా ఇంట్లో నా బల్ల మీద ఉన్న మిషన్‌లో నేను ఏం చేయాలన్నా నీ అనుమతి కావాలా? బాగుందిరా.

తేదీ మార్చాను. 2019 అని పెట్టగానే మనసు ఒక మాదిరిగా అయింది. ఆ ఏడు నేను ఇంకా బడిలో ఉన్నాను. వెనక బెంచీ గుసగుస కూడా వినపడేది. మిషన్‌కు అబద్ధం చెప్పడమేమిటో నాకు అర్థం కాలేదు, అయినా నువ్వు చెప్పావని చేశాను.

తరువాత నొక్కితే తెరంతా మసకబారి మధ్యలో ఒక కిటికీ వచ్చింది. ఈ ప్రోగ్రామ్ నీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చునా అని అడిగింది. అది చిన్న ప్రశ్నా? మన ఇంట్లో కొత్త పొయ్యి కూడా ప్రార్థన లేకుండా వెలిగించం. రూబీని పిలిచాను, ఇద్దరం కళ్లు మూసుకున్నాం. మొదలుపెడితే సగంలో ఆపే అలవాటు నాకు లేదని నీకు తెలుసు. నెల్లూరులో అద్దాలపెట్టెలో ఉన్న బిడ్డతో మొదలుపెట్టి, నీ మోకాళ్ల నొప్పుల దాకా వచ్చి, ఆమేన్ అని కళ్లు తెరిస్తే కిటికీ లేదు. రద్దయింది అని ఉంది. మరునాడూ అంతే. మూడోనాడు రూబీ వంట మాడుతుందని రాలేదు, ఒక్కదాన్నే చేశాను, అప్పుడూ అంతే.

నువ్వు ఇచ్చిన పాస్‌వర్డ్ తప్పా? కొట్టేదాకా కిటికీ ఉంటే కదా తెలిసేది. లేక దేవుడికే ఈ పని ఇష్టం లేదా? నిన్న అదీ అనిపించింది. రెండు, మూడు, నాలుగు నంబర్లు వేసి రాసి పెట్టాను.

లిదియమ్మ


ఆత్మకూరు,
31 జనవరి

అక్కా, వందనాలు.

నీ ఉత్తరం అంగట్లో అందరి ముందర చదివి నవ్వు ఆపుకోలేకపోయినాను. ఆ కిటికీ రెండు నిమిషాలకు మించి ఆగదు. నేను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నీ ప్రార్థన రెండు నిమిషాల్లో ఎప్పుడైనా అయిందా? భోజనానికి ముందు నీ ప్రార్థనకే కదా చిన్నప్పుడు నా అన్నం చల్లారింది. దేవుడికి ఇష్టం లేకపోవడం కాదు. ప్రార్థన ముందే చేసేసుకో, తరువాత నొక్కు, కిటికీ రాంగానే పాస్‌వర్డ్ కొట్టు. తేదీ మాత్రం 2019లోనే ఉండనీ, దాన్ని కదిలించబోకు.

ఇంకో మాట. కోపం తెచ్చుకోబోకు. ఆ మనవుల పుస్తకం అధ్యక్షురాలు సారమ్మకు ఇచ్చేసి నువ్వు హాయిగా ముందు వరసలో కూర్చోరాదా? ఇరవై రెండేళ్లు చేసినావు. ఇంకెవరైనా అయితే పదేళ్లకే చేతులెత్తేసేవాళ్లు. ఊరికే ఆలోచించమంటా ఉండాను, అంతే.

సురేంద్ర


ఉదయగిరి,
10 ఫిబ్రవరి

సురేంద్రా,

పుస్తకం సారమ్మకు ఇమ్మని నీకు ఎవరు చెప్పారు? నువ్వే అనుకున్నావా? ఆ ఒక్క వాక్యం చదివి మూడు రోజులు ఉత్తరం రాయలేదు. తరువాత శనివారం వచ్చేసింది.

కూడికకు వెళ్లాను. ఈసారి మీ మనవులు చీటీల మీద రాసి ఇవ్వండి అన్నాను. సగం మంది రాయలేరు, రాయగలిగినవాళ్లలో కొందరికి తమ సంగతి కాగితం మీద పెట్టడం ఇష్టం లేదు. ఆరు చీటీలు వచ్చాయి. హన్నమ్మ చీటీ ఇవ్వలేదు. మధ్యలో సారమ్మ ఏదో అంది, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దేనికి నవ్వానో ఇంటికి వచ్చి రూబీని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

ఇంక మిషన్ సంగతి. ప్రార్థన ముందే చేసి నొక్కాను, పాస్‌వర్డ్ కొట్టాను, ఒప్పుకుంది. నీ మాట నిజమే. కానీ కాసేపటికి ఈ ప్రోగ్రామ్ సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలు కాలేదు అని ఆగిపోయింది. అది అయిదో నంబరు. రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. పోయిన సంవత్సరం తయారైన దానికి 2019లో ఏం పని? బడిలో పుట్టిన తేదీలు దిద్దిన చేయి కదా, ఆగలేదు. నువ్వు వద్దన్నా తేదీ ఈ రోజుకు మార్చేశాను. తిట్టుకుంటే తిట్టుకో.

పరుగెత్తిందిరా. ఆకుపచ్చ గీత నింపుకుంటూ పోయింది. తొంభై ఎనిమిది శాతం దగ్గర నిలబడి, ఇప్పుడు రీస్టార్ట్ చేయాలా, తరువాతా అని అడుగుతోంది. రెండు బొత్తాలు ఉన్నాయి. నాకు ఏదీ నొక్కడానికి చేయి రావడం లేదు. ఆర్పి వెలిగిస్తే ఇంతదాకా వచ్చింది పోతుందేమో. అందుకే మూత వేయకుండా, కరెంటు తీయకుండా, దాని మీద తువ్వాలు కప్పి పెట్టాను. ఎవ్వరూ ముట్టుకోవద్దని చీటీ కూడా అంటించాను. ఏ బొత్తం నొక్కాలో నరసయ్య చేత వెంటనే రాసి పంపు.

లిదియమ్మ


ఆత్మకూరు,
13 ఫిబ్రవరి

అక్కా,

ఏదీ నొక్కబోకు. తేదీ మార్చినందుకే ఇట్ల ఇరుక్కున్నాది. ఎక్కిందంతా తీసేయాల. కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి ఆ పేరు మీద నొక్కి అన్‌ఇన్‌స్టాల్ కొట్టు. దాంతోపాటు తెలుగు భాష ప్యాకు అని ఉంటాది, అది కూడా తీసెయ్. మళ్లీ మొదటినుంచి మొదలుపెడదాం. నిదానంగా చెయ్. ఈ నెలలో కాకపోయినా ఏమీ మునిగిపోలేదు.

పుస్తకం సంగతి ఎవరూ చెప్పలేదక్కా. నేనే అన్నాను.

సురేంద్ర


ఉదయగిరి,
20 ఫిబ్రవరి

సురేంద్రా,

చెప్పినట్టే అంతా తీసేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇప్పుడు ఆ మిషన్‌లో తెలుగే లేదు. నేను టైపు చేసి పెట్టుకున్న ఈస్టరు పాటలన్నీ చిన్న చిన్న డబ్బాల వరసలై కూర్చున్నాయి. ముప్పై అయిదేళ్లు తెలుగు చెప్పినదానికి డబ్బాలు చదవడం రాదు.

నిన్న నిరోష వచ్చింది. రెండిళ్ల అవతల ఉంటుంది, జూనియర్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది, నా దగ్గర చదువుకున్న పిల్లే. నేను ఆ డబ్బాల ముందు కూర్చుని ఉండటం చూసి ఏమయిందని సైగ చేసింది. మనవుల పుస్తకం వెనక పేజీలు చూపించాను. నంబరు వారీగా ఎర్రర్లు, ఒక్కొక్క దాని కింద నువ్వు ఇచ్చిన సలహా. అంతా చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. తరువాత కాగితం తీసుకుని రాసి చూపించింది. ఆ కాగితం నా దగ్గరే ఉంది, ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను:

'టీచర్, తేదీ వెనక్కి పెడితే ఏ ప్రోగ్రామూ ఎక్కదు. రీస్టార్ట్ కొట్టి ఉంటే ఆ రోజే అయిపోయేది. తెలియనోళ్లు ఇట్ల చెప్పలేరు టీచర్. బాగా తెలిసినోళ్లే చెప్పినారు.'

నాకు అర్థం కాలేదు. ఇంకోసారి రాయమన్నాను. అదే రాసింది.

నువ్వు ఇరవై ఏళ్లుగా ఆత్మకూరు బస్టాండు పక్కన ఆ అంగడి నడుపుతున్నావు. కలెక్టరాఫీసు వాళ్లు కూడా నీ దగ్గర బాగు చేయించుకుంటారని నువ్వే చెప్పావు. అలాంటివాడివి నా దగ్గరే తప్పు చెబుతావా? రాత్రంతా లెక్కలు వేసి చూశాను, నీకు దీంట్లో వచ్చేదేమిటో ఏ వైపు నుంచీ తేలలేదు. నేను పొరబడ్డానని రాయి. లేకపోతే ఎందుకు చేశావో రాయి.

అక్క


ఆత్మకూరు,
24 ఫిబ్రవరి

అక్కా,

మూడుసార్లు రాసి చించినాను. పెళ్లికార్డుల పని ఎదురుగా పెట్టుకొని రెండు రోజులు ఊరికే కూర్చున్నాను.

నిరోష చెప్పింది నిజం. మొదటి పెన్‌డ్రైవు తెలిసే తప్పుది పంపినాను. తేదీ సంగతీ తెలిసే చెప్పినాను. రీస్టార్ట్ వద్దనిందీ, తెలుగు తీసేయమనిందీ అంతే. ప్రార్థనకు కిటికీ పోవడం ఒక్కటే నా పని కాదు. దేవుడికి ఇష్టం లేదేమో అని నువ్వు రాసినప్పుడు, అవునక్కా, వదిలెయ్ అని రాసేస్తే పీడా పోతాదనుకున్నాను. ఆ మాట మాత్రం రాయలేకపోయినాను.

ఎందుకో చెప్తా. క్రిస్మస్ ఆరాధనలో పాట అయిపోయి అందరూ కూర్చున్నారు. నువ్వు నిలబడే ఉండావు. కళ్లు మూసుకొని, ఒక్కదానివే, ఇంకో చరణం పాడతా ఉండావు. వెనక వరసలో నవ్వినారు. రూబీ నీ కొంగు పట్టి లాగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి భోజనాల కాడ ఎడ్విన్‌తో నేనే అన్నాను, 'మీ అమ్మ చేత ఆ పుస్తకం మాన్పించండిరా, నవ్వులపాలు అవతా ఉండాది. పాస్టరుగారితో నేను మాట్లాడతా' అని. సాయంత్రం పోయి మాట్లాడినాను కూడా. మార్చిలో శాలువా కప్పి మర్యాదగా దించమని చెప్పింది వేరెవరో కాదు, నేనే.

ఆ మాట అనేటప్పుడు నువ్వు నా పక్కనే నిలబడి పప్పు వడ్డిస్తా ఉండావు. నీ చేతి అన్నం తింటా, నీ ముందరే, నువ్వు లేనట్టు అన్నాను.

పది రోజులకు నువ్వు ఈ సాఫ్ట్‌వేర్ అడిగినావు. అది ఎక్కితే మొదటి కూడికలోనే ఎవరో ఒకరు మీ తమ్ముడే కదా చెప్పింది అంటారు. ఆ మాట తెలుగులో తెర మీద పడతాది. నువ్వు చదువుతావు. దానికి భయపడినాను. మార్చి దాటిపోతే శాలువా పడిపోతాది, అప్పుడు ఎక్కించేద్దాం అనుకున్నాను. నీ మంచికే అనుకున్నాను అని రాయాలని ఉండాది గానీ, ఇదంతా రాసినాక ఆ మాట నాకే నిలబడటం లేదు.

ఎంత కోపమొచ్చినా ఉత్తరం మాత్రం ఆపబోకు.

సురేంద్ర


ఉదయగిరి,
28 ఫిబ్రవరి

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మడిచి బైబిల్లో పెట్టాను. కోపం ఉంది. కానీ నువ్వు అనుకున్న చోట లేదు.

పప్పు దగ్గర నువ్వు అన్నది నాకు ఆ రోజే తెలుసు. చెవులు పోయాయి గానీ కళ్లు పోలేదురా. నువ్వు నోరు తెరిచావు, ఎడ్విన్ ముద్ద కింద పెట్టేశాడు, రూబీ నా వైపు చూసి తల దించుకుంది. నువ్వు మాత్రం కంచంలోకి చూస్తూ రెండోసారి గోంగూర పప్పు వేయించుకున్నావు. గోంగూర నువ్వు పుట్టినప్పటినుంచి ముట్టవు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించిన రోజుల్లో కూడా ఇలాగే కంచంలోకి చూస్తూ ఏది పెడితే అది తినేవాడివి. నీ మాటలు నాకు తెలియలేదు, నా విషయంలో ఏదో తప్పు చేశావని తెలిసింది. వారం తిరక్కుండానే పాస్టరమ్మ ఇంటికి వచ్చి, ఏ రంగు ఇష్టమని కాగితం మీద రాసి అడిగింది. మన చర్చిలో శాలువా కప్పేది వచ్చేవాళ్లకు కాదు, పోయేవాళ్లకే. రెండూ కలిపి చూసుకున్నాను. నా ఉత్తరాల్లో ఏమీ ఎరగనట్టు అడిగింది, నీ అంతట నువ్వే చెబుతావని.

ఎడ్విన్‌ను ఎందుకు అడగనో తరువాత చెబుతానన్నాను కదా. వాడైతే ఒక పూటలో ఎక్కించేవాడు. కానీ నన్ను దింపాలని చూసింది నువ్వు, కాబట్టి ఎక్కించాల్సింది నువ్వే. అందుకే నిన్ను అడిగాను. తప్పు దిద్దుకుంటావని పని అప్పజెబితే, దాని మీద ఇంకో తప్పు ఇన్‌స్టాల్ చేశావు. నెలన్నర నాకు బుర్ర పని చేయడం లేదేమో అనుకునేట్టు చేశావు. నా కోపం అక్కడ ఉంది.

నా మీద నవ్వారని నీ తల కొట్టేసింది. నవ్వితే ఏం పోయింది? నవ్వని తరగతి ఒక్కటైనా నేను చూశానా? నన్ను నిద్రపోనివ్వనిది ఆ నవ్వు కాదు, డిసెంబరు పేజీ. ఇంకో మనిషి కష్టం నా ముందు లేచి నిలబడి చెప్పుకుంటే, నేను తల ఊపి రాయకుండా వదిలేస్తానేమో అని. నా గురించి అంతమందితో మాట్లాడావు, నీకేం కావాలక్కా అని నన్ను ఒక్కమాట కాగితం మీద రాసి అడగలేకపోయావా?

నిరోష అయిదు నిమిషాల్లో ఎక్కిస్తానంది. వద్దన్నాను. ఎనిమిదో తేదీ పదకొండు గంటలకు కూడిక. నువ్వు వస్తే ఎక్కుతుంది. రాకపోతే ఆ రోజు పుస్తకం సారమ్మ చేతిలో పెట్టి, వాళ్లు కప్పిన శాలువా కప్పించుకుని వస్తాను. నువ్వు కోరుకున్నది అదే కదా.

లిదియమ్మ


ఆత్మకూరు,
4 మార్చి

అక్కా, వందనాలు.

శనివారం మొదటి బస్సుకు వస్తా ఉండాను. నీ తెలుగు కూడా తెస్తా ఉండాను. గోంగూర మాత్రం వండబోకు.

సురేంద్ర


ఉదయగిరి,
10 మార్చి

తమ్ముడు సురేంద్రకు,

పెళ్లికార్డుల వాళ్లు ఎదురుచూస్తున్నారని శనివారం సాఫ్ట్‌వేర్ ఎక్కించి అంత తొందరగా వెళ్లిపోయావు. స్త్రీల కూడికలో మగవాళ్లు కూర్చోరు కాబట్టి ఆపలేకపోయాను. తరువాత ఏమయిందో తెలియక కొట్టుకుంటున్నావని నరసయ్య చెప్పాడు. అంటే, నా ముందు నిలబడి రెండు చేతులూ తిప్పి చూపించాడు.

మొదట అంతా గందరగోళమే. మిషన్‌ను బల్ల మీద పెట్టి, అందరికీ కనపడేలా తిప్పాను. మా వాళ్లు దాన్ని చూసి అయిదారుగురు ఒకేసారి మొదలుపెట్టారు. ఒకరి మోకాళ్ల నొప్పీ, ఒకరి బర్రె ఈనడమూ, ఇంకొకరి అల్లుడి ఉద్యోగమూ కలిసి ఒకటే వాక్యమైంది. ఆ ప్రకారం ప్రార్థన చేసి ఉంటే ఆ బర్రెకు ఉద్యోగం వచ్చేది. తెర మీద చదివి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఈసారి దేనికో తెలిసి. నవ్వు అయ్యాక సారమ్మ లేచి చేతులు ఊపింది, ఆమె మాట తెర మీద పడింది, 'ఒకరి తరువాత ఒకరు చెప్పండి, అక్క చదువుకుంటా ఉండాది' అని. ఇరవై రెండేళ్లు ఒకరి తరువాత ఒకరు అని నేను మొత్తుకుంటే వినని వాళ్లు, ఆ రోజు విన్నారు.

హన్నమ్మ చివర లేచింది. తెర వైపు చూస్తూ చెప్పింది, సరిగ్గా పడిందా లేదా అని ప్రతి మాటకూ ఆగి చూసుకుంటూ. బిడ్డను ఇంటికి తెచ్చారు. రెండు కిలోల బరువుకు వచ్చిందట. స్తుతి చెల్లించాలి, ఇంకా బరువు పెరగాలి. రెండూ రాసుకున్నాను. డిసెంబరు పేజీ సంగతి ఆమెతో నేనే ఎత్తాను, తప్పు నాదని అందరి ముందర చెప్పాను. ఆమె వచ్చి నా చేయి పట్టుకుంది. ఏదో అంది గానీ అప్పుడు నేను తెర వైపు చూడలేదు.

ఎన్నికలో, నేనే ఉండాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. దానికి చెవులు అక్కరలేదు, నేనే లెక్కపెట్టుకున్నాను. ఇరవై ఒక్కమందిలో పద్నాలుగు చేతులు లేచాయి. లేవని ఏడు ఎవరివో చూసుకున్నాను, వాళ్ల మనవులు కూడా అంతే శ్రద్ధగా రాస్తాను. నీ శాలువా నీలం రంగుది, మంచిది. కొన్నది వృథా పోకూడదని పాస్టరమ్మ వాళ్లింటికి వెళ్లి దాన్ని హన్నమ్మ మనవరాలికి కప్పింది. నాలుగు మడతలు వేస్తే సరిపోయింది.

ఇంకొకటి ఉంది. నిన్న ఆ రాతలన్నీ పుస్తకంలోకి ఎత్తుకుందామని మిషన్ తెరిచాను. అన్నిటికంటే పైన, కూడిక మొదలు కాకముందే, పొద్దున తొమ్మిదీ నలభై అని సమయం వేసి ఒక వాక్యం ఉంది. ఆ వేళకు నేను నీకు వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. రూబీ చర్చి ఊడవడానికి వెళ్లింది, ఎడ్విన్ ఇంట్లో లేడు. మైకు ముందు నువ్వు ఒక్కడివే. అది రాసి దాచుకుంటుందని మరచిపోయావేమో.

'అక్కా, వినపడతా ఉండాదా' అని ఉంది. మన ఉండాది దానికి రాదనుకుంటాను, కింద ఎర్రగీత గీసింది.

మైకు పని చేస్తోందో లేదో చూడటానికి అన్నావో, నన్నే అడిగావో నేను అడగను. ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి రెండేళ్లయింది. మిగిలినవన్నీ పుస్తకంలోకి ఎత్తి తెర శుభ్రం చేశాను, ఆ ఒక్క వాక్యం అలాగే ఉంచాను. దాన్ని చెరపడం ఎలాగో మాత్రం రాయవద్దు.

వినపడిందిరా.

నీ అక్క,
లిదియమ్మ